నర్సమ్మ ఈత

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే బస్సులో మొన్న నా పక్కన హొళగుంద వైపు మనిషి ఒకామె కూర్చుంది. ఒళ్ళో చిన్న సంచి, కళ్ళు వాచి ఉన్నాయి. ఎవరో పోయినట్టున్నారని నేనే అడిగాను.

"మా ఊర్లో ముందు ఆసుపత్రిలో పని సేసిన నర్సమ్మ. పింఛను వచ్చినాక గూడా ఆడనే ఉండిపోయింది. నిన్న ఆదోనిలో మన్ను సేసినారు," అంది. నవ్వో ఏడుపో తెలియని ముఖంతో, "బలే మనిషి. నేను రొట్టె తడతాంటే గూడా పక్కన కూసుని, ఎట్ల సేస్తాండావు, సూపించు అనేది. అరవై ఏండ్లు దాటిన మనిషికి రొట్టె తట్టడం తెలీదా? నా సెయ్యి ఎట్ల తిరుగుతాదో సూడాలంట," అంది.

పేరు అడగాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఆ మాట అనే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కతే ఉండేది.

ఎనభైల మొదట్లో ఆ నర్సమ్మా నేనూ ఎమ్మిగనూరులో ఒకే ఇంట్లో చెరో సగం అద్దెకున్నాం. మగ్గాల వీధి. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, పడుకునే ముందు మగ్గాల చప్పుడు. నేను బడిలో టీచరును. నా భర్త ఆదోనిలో పత్తి మిల్లులో పని చేసేవాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకు పోయేవాడు. ఇద్దరు పిల్లలు. ఆమె ఆసుపత్రిలో నర్సు, తల్లితో ఉండేది. నాకు ముప్పై మూడు, ఆమె నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను చివరిదాకా టీచరమ్మ అనే పిలిచింది.

ఆమెకు ఒక అలవాటుండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ తన ఎడమ మణికట్టు మీద తనే వేళ్ళు పెట్టి నాడి చూసుకునేది. బస్సు కోసం నిలబడ్డా, బియ్యం ఉడుకుతుంటే పొయ్యి ముందు కూర్చున్నా అంతే. ఎందుకక్కా అంటే, "ఉండాదో ల్యాదో సూసుకుంటాండా," అనేది నిబ్బరంగా.

ఇంకో అలవాటు, పని చేసేవాళ్ళను దాటి పోలేకపోవడం. మా ఇంటి ఎదుటి మగ్గం దగ్గర అరగంట నిలబడి, చివరికి ఆ మనిషిని లేపి తానే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. అడ్డపోగు లాగే నాడె విసిరితే ఆ పక్కకు పోయి కింద పడింది. పోగులు తెగాయి. "నర్సమ్మా, నీకు దండం పెడతా, లెయ్ తల్లీ," అన్నాడాయన. లేచింది కానీ, తెగిన పోగును ఆయన ఎలా ముడివేస్తాడో చూసేదాకా కదల్లేదు. బస్సు కండక్టరు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే, ఉరుకుంద జాతరకు పోయే జనంతో కిక్కిరిసిన బస్సులో అతన్ని పట్టుకుని ఎలా వేశావని అడిగింది. ఇంటికి వచ్చి వారం రోజులు పెరట్లో వేళ్ళు నోట్లో పెట్టుకుని గాలి ఊదింది. ఈల రాలేదు. ఆ ఊదుడుకు మా చిన్నోడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నాకది చాదస్తంగా తోచేది. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. నేర్చుకోవాల్సింది ఇంకేముంది? నాకు అప్పట్లో మెడ పట్టేసి ఉండేది. సాయంత్రానికి తల పగిలిపోయేది. వంట చేసుకుంటూ, నోటుపుస్తకాలు దిద్దుకుంటూ, ఇక బతుకంతా ఇంతే అనుకునేదాన్ని. ఒకసారి ఆ మాట ఆమెతో అంటే, చాటలో బియ్యం చెరుగుతున్న చేయి ఆపింది.

"సిన్నప్పుడు అందరూ మనకు నేర్పేటోళ్ళే టీచరమ్మా. నడవడం, తినడం, అక్షరాలు. ముప్పై దాటినాక సూడు, ఒక్కరు గూడా ఏమీ నేర్పరు. మనమే పొయ్యి అడుక్కోవాల. సిగ్గుపడితే ఆడికే ఆగిపోతాం," అంది.

అంత నిబ్బరంగా మాట్లాడే మనిషికి ఒక జబ్బుండేది. ఉన్నట్టుండి రొమ్ము బిగుసుకుపోయేది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగేది. ముఖం తెల్లబడి, గోడ పట్టుకుని నిలబడేది. ఇంకొకళ్ళ కానుపు చేసి వచ్చిన రోజుల్లో ఎక్కువగా వచ్చేది. ఆదోని పోయి పెద్ద డాక్టరుకు చూపించుకుంది. ఏమీ లేదు, నరాల బలహీనత అని బిళ్ళలు రాశాడట. వచ్చి నాతో అంది:

"ఏమీ ల్యాదంట. ఏమీ ల్యాకుంటే మరి ఇంత గట్టిగా పట్టుకుంటాండేది ఏంది?"

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. ఆదోని దారిలో ఊరికి కొంచెం దూరంగా హుసేన్‌బీ అనే ఆమె తోట ఉండేది. ఉల్లిగడ్డ, వంకాయ వేసేవాళ్ళు. ఆమె కోడలు నెలలు నిండి ఉందని, ఒక ఆదివారం నర్సమ్మ చూడటానికి పోతూ నన్నూ రమ్మంది. వంకాయలు దొరుకుతాయని నేనూ పోయాను.

తోటలో మెట్ల బావి. వానలకు నీళ్ళు పైకి వచ్చాయి. మేం పోయేసరికి హుసేన్‌బీ మెట్ల మీద కూర్చుని పాత్రలు తోముతోంది. యాభై ఏళ్ళుంటాయి, ఎండిన మనిషి. మాట్లాడుతుండగానే ఇత్తడి చెంబు చేయి జారి నీళ్ళలో పడింది. ఆమె అయ్యో అని కూడా అనలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, మెట్టు మీంచి దూకేసింది. నీళ్ళు మూసుకున్నాయి. ఎంతసేపటికీ పైకి రాలేదు. పక్కకు చూస్తే నర్సమ్మ తన మణికట్టు పట్టుకుని నీళ్ళకేసి రెప్ప వేయకుండా చూస్తోంది. తర్వాత చెంబు, దాని వెనక హుసేన్‌బీ తల బయటికి వచ్చాయి.

"అంతసేపు ఊపిరి ఎట్ల పట్టినావు?" అంది నర్సమ్మ, ఆమె ముఖం తుడుచుకోకముందే.

"పట్టుకుంటే రొమ్ము పగుల్తాదమ్మా. పట్టుకోగూడదు. కొంచెం కొంచెంగా వదులుకుంటా పోవాల," అని, హుసేన్‌బీ చెంబు తోముకోవడానికి కూర్చుంది. ఆమెకు అది చెప్పదగిన సంగతే కాదు. పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డున. నడక, ఈత ఒకేసారి వచ్చాయట.

తిరిగి వచ్చేటప్పుడు నర్సమ్మ చేయి మణికట్టు మీదే ఉంది. ఇంటి దగ్గరకు వచ్చాక, "నేను ఈత నేర్చుకుంటా. నువ్వు గూడా రా," అంది.

ఆడవాళ్ళం, ఈ వయసులో, బావిలో ఈతా అన్నాను. "మొగోళ్ళు ఎవురూ రానప్పుడే పోదాం. నువ్వు దిగొద్దు, ఒడ్డున కూసో. నేను మునిగిపోతే ఊర్లో సెప్పడానికి ఒకరుండాల గదా," అంది. నాకు నవ్వు వచ్చింది. ఏం జరుగుతుందో చూడాలనీ అనిపించింది. అంతకుముందు నాకలా అనిపించి ఎన్నాళ్ళయిందో.

ఆదివారాలు మధ్యాహ్నం పూట పోయేవాళ్ళం. ఆమె తమ్ముడి పాత నిక్కరు తొడుక్కుని, పైన లంగా కట్టుకుని దిగింది. హుసేన్‌బీ ఎండిన సొరబుర్రలు రెండు తాడుతో ఆమె వీపుకు కట్టింది. మొదటి రోజు నర్సమ్మ మెట్టు పట్టుకుని, మెడ దాకా నీళ్ళలో నిలబడి, ప్రశ్నలు వేస్తూనే ఉంది. కాళ్ళు ముందు కొట్టాలా, చేతులా? కింద నుంచి నీళ్ళు తోస్తాయా, పక్కల నుంచా? బరువు ఎక్కువ ఉన్నోళ్ళు ముందు మునుగుతారా?

"నోరు మూసుకో నర్సమ్మా, నీళ్ళు పోతాయి," అంది హుసేన్‌బీ.

రెండు వారాల తర్వాత ఒడ్డున కూర్చోలేక నేనూ దిగాను. విచిత్రమేమిటంటే, నాకు తొందరగా వచ్చేసింది. నాలుగైదు ఆదివారాలకే బుర్రలు విప్పేసి బావికి ఈ గోడ నుంచి ఆ గోడకు పోయాను. ఆ వారం మెడ నొప్పి గుర్తుకు రాలేదు. నోటుపుస్తకాలు దిద్దుతుంటే భుజాలు నావి కానట్టు తేలిగ్గా ఉన్నాయి. ఆమెకు మాత్రం రాలేదు. బుర్రలు ఉంటే తేలేది. తాడు వదులైందంటే చాలు, రొమ్ము బిగుసుకుని, రెండు చేతులతో నీళ్ళను చీల్చుకుంటూ మెట్టు కోసం వెతికేది.

నేనైతే సిగ్గుతో మానేసేదాన్ని. ఆమె దగ్గి, ముక్కు చీది, నన్ను అడిగేది: "నీకు ఎట్ల వచ్చినాది? ఆ గోడ వదిలిపెట్టేటప్పుడు లోపల ఏం సేసినావు?"

నాకు తెలియదు. పిల్లలకు ఎక్కాలు నేర్పేదాన్ని, నేను నేర్చుకున్నదాన్ని ఒక మాటలో చెప్పలేకపోయాను. "ఏమీ చేయలేదక్కా," అనేదాన్ని. "అదే, ఆ ఏమీ సెయ్యకుండా ఉండేది ఎట్ల?" అనేది.

అప్పుడొకరోజు పక్క చేను ఆయన వచ్చాడు. బావిలో ఆయనకు సగం పాలు. ఆయన మోటారు కూడా అందులోనే ఉంది. మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకుని, హుసేన్‌బీతో అన్నాడు: "టీచరమ్మ దిగితే దిగనీ. ఆ నర్సమ్మను దింపొద్దు. మా పనోళ్ళు తాగే నీళ్ళు."

నర్సమ్మది ఆదోని పక్కన ఒక పల్లె. ఊరి చివర, చర్చి ఉన్న వీధిలో పుట్టింది. ఆ సంగతి ఆయన పైకి అనలేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. హుసేన్‌బీ పైకి లేచింది. "బావి మాది గూడా," అంది. ఆయన గట్టు దాటి పోయాడు.

తరువాతి ఆదివారం పోయేసరికి మెట్ల నిండా తుమ్మ కంప అడ్డం వేసి ఉంది. హుసేన్‌బీ భర్త దూరంగా నిలబడ్డాడు. మంచి మనిషే, కానీ నీళ్ళ వంతు దగ్గర పక్క చేను ఆయనతో గొడవ పెట్టుకుంటే ఆ ఏడు పంట ఎండిపోతుంది. హుసేన్‌బీ చేతులతోనే కంప లాగబోయింది. నర్సమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"వద్దక్కా. నీ సేను ఎండబెట్టుకోవద్దు," అని వెనక్కి తిరిగింది.

ఆ దారిలో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఎడ్లకు లాడాలు కొడుతున్న మనిషిని కూడా దాటి వచ్చేసింది. ఊరు దగ్గరకు వచ్చాక ఆమే అంది: "ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం సూసినావా టీచరమ్మా? సిగ్గుపడతా ఉండాడు. సిగ్గుపడతా గూడా ఆ మాట ఎట్ల అనగలిగినాడు? తప్పని తెలీకుంటే అది వేరే. తెలిసి ఎట్ల అంటాడు మనిషి?" ఇంటికి పోయాక తలుపు వేసుకుంది. ఆ రాత్రి ఆమెకు ఊపిరి ఆడలేదని మర్నాడు వాళ్ళమ్మ చెప్పింది.

ఇక అయిపోయిందనుకున్నాను. చలి తగ్గాక హుసేన్‌బీ మా ఇంటికే వచ్చింది. "బావి పోతే ఏమాయ? నది ఎవురి పాలూ కాదు. మా పుట్టింటికి పోదాం పాండి," అంది.

ఆదివారం చర్చికి రాలేనని చెప్పడానికి నర్సమ్మ పాస్టరు దగ్గరకు పోయింది. ఎందుకని అడిగితే నిజమే చెప్పిందట. ఆయన జాగ్రత్తమ్మా అన్నాడట.

తుంగభద్ర ఆ రోజుల్లో నెమ్మదిగా ఉంటుంది. బండల మధ్య అక్కడక్కడ మడుగులు కట్టి, నడుము లోతు, గొంతు లోతు నీళ్ళు. అటు ఒడ్డు కన్నడ దేశం. బట్టలు ఉతికేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వి, వాళ్ళ పనిలో వాళ్ళు పడ్డారు. బావిలో నాలుగు గోడలుండేవి, ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె బుర్రలతో చాలాసేపు తేలింది. నేను కాస్త దూరంలో ఉన్నాను. చూస్తుండగానే ఆమె చేయి వెనక్కి పోయి ముడి లాగింది. బుర్రలు రెండూ ప్రవాహంతో పాటు పక్కకు పోయాయి.

హుసేన్‌బీ కదలబోయి ఆగింది. నర్సమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. చెవులు నీళ్ళలో, కళ్ళు ఆకాశంలో. రొమ్ము మెల్లగా లేచి పడుతోంది. చేతులు రెండు పక్కలా ఊరికే ఉన్నాయి. మేం పిలవలేదు. ఎంతసేపున్నదో, చివరికి కాళ్ళు కింద పెట్టి నిలబడి, జుట్టు పిండుకుంటూ నా వైపు వచ్చింది.

"ఇన్ని దినాలూ నేను నీళ్ళను పట్టుకోవాలని సూస్తాంటి," అంది. అంతే. తిరుగు బస్సులో హుసేన్‌బీ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

రొమ్ము పట్టడం పూర్తిగా పోయిందని చెప్పను. వచ్చేది. కానీ గోడ పట్టుకోవడం మానేసింది. ఎక్కడుంటే అక్కడ కూర్చుని, కళ్ళు మూసుకుని, ఊపిరి కొంచెం కొంచెంగా వదిలి, లేచి పనికి పోయేది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే బండి కట్టుకుని ఒకతను వచ్చాడు. అతని చెల్లెలికి తొలి కానుపు, నొప్పులు మొదలై చాలాసేపయింది. ఊరు ఎమ్మిగనూరుకు దూరమేమీ కాదు, మధ్యలో ఒక వంక, వానకు పారే వాగు. తోడు రమ్మంటే నేనూ బండెక్కాను. పైన ఎక్కడో వాన పడినట్టుంది. అతను వచ్చేటప్పుడు మోకాలి లోతున్న వంక, మేం పోయేసరికి ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండి పోతోంది. అవతలి ఒడ్డుకు దగ్గర్లోనే వాళ్ళ ఇల్లు. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళు కనిపిస్తున్నారు.

అతను బండి దిగి అన్నాడు: "నీకు ఈత వచ్చునంట గదమ్మా. ఊరంతా అనుకుంటాండారు."

నర్సమ్మ దిగి నీళ్ళ అంచు దాకా పోయింది. వంగి చేయి పెట్టింది. ఒక తుమ్మ చెట్టు వేళ్ళతో సహా దొర్లుకుంటూ మా ముందు నుంచి పోయింది. ఆమె లేచి నిలబడింది.

"ఇది ఈదే నీళ్ళు కాదన్నా."

"ఆడ మా సెల్లెలు సస్తాంది. నువ్వు బయపడి ఈడ నిలబడితే ఎట్ల?"

"బయపడి కాదన్నా. ఈత రాకముందైతే బయపడి నిలబడేదాన్ని. ఇప్పుడు తెలిసి నిలబడినా. నేను మునిగిపోతే నీ సెల్లెలికి ఎవురూ ఉండరు," అంది. అతను బండి చక్రానికి ఆనుకుని తల పట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ క్షణంలో ఆమె భయపడిందేమోనని అనుమానం వచ్చింది.

ఆమె ఒడ్డు మీద ఎత్తుగా ఉన్న బండ ఎక్కి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. ఆ గొంతు ఆమెలో ఉందని నాకు తెలియదు. ఆ పిల్ల దగ్గరున్న అత్తకు మాట చేరేలా ఆడవాళ్ళను వరసగా నిలబెట్టింది. ఒడ్డున ఒకామె, వాకిట్లో ఒకామె, లోపల అత్త. ఒకరి నుంచి ఒకరికి మాట పోతోంది, మాట వస్తోంది.

"సేతులు సబ్బుతో మోసేతుల దాకా కడుక్కోమను. కొత్త బ్లేడు, దారం మరిగే నీళ్ళలో ఎయ్యమను. తల కనపడతాందా అడుగు."

జవాబు వచ్చేదాకా ఆగేది. వచ్చాక మళ్ళీ అడిగేది. ఇంకా కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది. పిల్ల అరుస్తోంది, ఊపిరి బిగబట్టేస్తోంది.

"బిగబట్టొద్దని సెప్పు. ఇప్పుడు ముక్కొద్దు. ఊపిరి కొంచెం కొంచెంగా వదలమను. అత్త సెయ్యి బిడ్డ తల కింద పెట్టాల, లాగగూడదు. లాగగూడదని రెండుసార్లు సెప్పు."

నీళ్ళ హోరులో బిడ్డ ఏడుపు మాకు వినపడలేదు. వాకిట్లో ఉన్నామె రెండు చేతులూ పైకెత్తింది. బండివాడు లేచి నిలబడ్డాడు. నర్సమ్మ బండ దిగలేదు. మాయ పడిందా, నెత్తురు ఎంత పోతోంది, పిల్ల మాట్లాడుతోందా అని గొంతు బొంగురు పోయేదాకా అడుగుతూనే ఉంది. సాయంత్రానికి నీళ్ళు నడుముకు తగ్గాయి. అటూ ఇటూ తాడు కట్టించుకుని, సంచి నెత్తిన పెట్టుకుని దాటిపోయింది. తల్లీ బిడ్డా బాగున్నారు.

అయినా ఊళ్ళో మాట ఇంకోలా తిరిగింది. ఈత నేర్చిన నర్సమ్మ వంక చూసి జడుసుకుందని, అరుపులతో కానుపు చేసిందని నవ్వుకున్నారు. మా బడిలో కూడా ఒకాయన నా ముందే అన్నాడు. ఆ మాటలు ఆమె చెవిన పడకుండా ఉండవు. ఆమె ఎప్పటిలాగే పనికి పోయి వచ్చేది.

ఆ మరుసటి ఏడాది ఆమెకు హొళగుందకు బదిలీ అయింది. సామాను లారీకి ఎత్తించాక వాళ్ళమ్మ డ్రైవరు పక్కన కూర్చుంది. మేమిద్దరం కింద నిలబడ్డాం. ఇక అడగకపోతే ఎప్పటికీ అడగలేనని అడిగేశాను.

"అక్కా, ఆ పొద్దు వంకలో దిగుంటే దాటేదానివా?"

ఆమె తొందరపడలేదు. వేళ్ళు మణికట్టు మీదికి పోయాయి, మళ్ళీ తీసేసింది.

"తెలీదు టీచరమ్మా. కనపడినదాన్నల్లా ఎట్ల, ఏంది అని అడిగే మనిషిని నేను. ఆ నీళ్ళ ముందర నిలబడినప్పుడు మాత్రం, నేను దాటగలనో ల్యాదో తెలుసుకోవాలని నాకు అనిపించనే ల్యా. ఆ పక్క బిడ్డ యాడిదాకా వచ్చిందో, అదొకటే తెలుసుకోవాలనిపించింది."